డర్ట్ 5: పేరులో మట్టి ఉంది, ఆటలో లేదు

ఒక గేమ్ పూర్తిగా చెత్తగా ఉంటే గొడవే లేదు. అన్‌ఇన్‌స్టాల్ కొట్టి మర్చిపోతాం. బాగానే ఉండి కూడా నిరాశపరిచే గేమ్‌తోనే అసలు చిక్కు. 2020 నవంబర్‌లో వచ్చిన డర్ట్ 5 సరిగ్గా అలాంటి గేమ్. చూడ్డానికి రంగులమయం, ఫ్రేమ్‌రేట్ స్మూత్, నలుగురు ఫ్రెండ్స్ ఒకే టీవీ ముందు కూర్చుని ఆడుకోవచ్చు. రివ్యూలు కూడా మరీ ఘోరంగా ఏమీ రాలేదు. అయినా "డర్ట్ సిరీస్ ఎక్కడ దారి తప్పింది?" అని పాత ఫ్యాన్స్‌ని అడిగి చూడండి. చాలామంది ఈ గేమ్ పేరే చెప్తారు.

ఈ కోపం ఊరికే రాలేదు. అలాగని డర్ట్ 5లో అన్నీ తప్పులే అని కూడా కాదు. దీన్ని చేసిన టీమ్‌కి టాలెంట్ లేదా అంటే, బురదని గేమ్‌లోకి తీసుకురావడంలో వాళ్ళని మించినవాళ్ళు ఒకప్పుడు లేరు. మరి ఏం జరిగింది? మొదటి నుంచి చూద్దాం.

ఇక్కడిదాకా ఎలా వచ్చింది?

ఈ సిరీస్ కథ 1998లో మొదలవుతుంది. బ్రిటిష్ కంపెనీ కోడ్‌మాస్టర్స్ మొదటి ప్లేస్టేషన్ కోసం "కోలిన్ మెక్‌రే ర్యాలీ" అనే గేమ్ తీసింది. కోలిన్ మెక్‌రే అంటే 1995లో సుబారు ఇంప్రెజా నడిపి ప్రపంచ ర్యాలీ ఛాంపియన్ అయిన స్కాట్లాండ్ డ్రైవర్. ఆ గేమ్‌లో పక్క సీట్లో కూర్చుని దారి చెప్పే గొంతు కూడా నిజమైన కో-డ్రైవర్ నిక్కీ గ్రిస్ట్‌దే.

2007లో సిరీస్ "డర్ట్" అనే కొత్త పేరు తగిలించుకుంది. ర్యాలీతో పాటు ర్యాలీక్రాస్, బగ్గీలు, ట్రక్కులు, అమెరికాలోని పైక్స్ పీక్ కొండ ఎక్కే రేస్ కూడా వచ్చి చేరాయి. అదే ఏడాది సెప్టెంబర్‌లో హెలికాప్టర్ ప్రమాదంలో మెక్‌రే చనిపోయాడు. 2009లో వచ్చిన డర్ట్ 2లో ఆయనకు నివాళిగా ఒక రేస్ పెట్టారు.

హార్డ్‌వేర్ పిచ్చి ఉన్నవాళ్ళకి డర్ట్ 2 ఇంకో రకంగా గుర్తుంటుంది. డైరెక్ట్‌ఎక్స్ 11 వాడిన మొదటి గేమ్స్‌లో అదొకటి. ఆ సపోర్ట్ కోసమే పీసీ వెర్షన్‌ని కన్సోల్స్ తర్వాత కొన్ని నెలలు ఆపి డిసెంబర్‌లో వదిలారు. ఏఎమ్‌డీ తన రేడియాన్ హెచ్‌డీ 5000 సిరీస్ కార్డులతో ఈ గేమ్ కూపన్ ఇచ్చేది. గ్రాఫిక్స్ కార్డ్ బెంచ్‌మార్క్ చార్టుల్లో ఈ గేమ్ పేరు చాలాకాలం కనిపించింది.

2011లో డర్ట్ 3 వచ్చింది. ఫిన్లాండ్ అడవులు, కెన్యా దుమ్ము, నార్వే మంచు. దాంతో పాటు కెన్ బ్లాక్ యూట్యూబ్‌లో ఫేమస్ చేసిన జింఖానా కూడా. డ్రిఫ్ట్ కొడుతూ గుండ్రంగా తిప్పే ఆ విన్యాసాలన్నమాట. 2012లో ఢీకొట్టుకోవడమే పనిగా పెట్టుకున్న డర్ట్ షోడౌన్ వచ్చింది. 2015లో పీసీ మీద, ఏ షో లేకుండా, మహా కష్టమైన డర్ట్ ర్యాలీ. 2017లో డర్ట్ 4. అందులో "యువర్ స్టేజ్" అనే ఫీచర్ ఉండేది. దారి పొడవు, మెలికలు ఎంత ఉండాలో మీరు చెప్తే అల్గారిథమ్ కొత్త ట్రాక్ పుట్టిస్తుంది. 2019లో డర్ట్ ర్యాలీ 2.0.

ఈ లిస్ట్‌లో ఒక పద్ధతి ఉంది, గమనించండి. నంబర్ ఉన్న గేమ్స్ అంటే 2, 3, 4. ఇవి కొత్తవాళ్ళకీ ఓకే, సీరియస్ ప్లేయర్స్‌కీ ఓకే. వాటి మధ్యలో కాస్త సరదా ఉంటుంది, వెన్నెముక మాత్రం ర్యాలీయే. దారి మార్చినప్పుడు కోడ్‌మాస్టర్స్ పేరు కూడా మార్చేది. షోడౌన్‌కి షోడౌన్ అని, ర్యాలీకి ర్యాలీ అని. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

ర్యాలీలో అంత స్పెషల్ ఏముంది?

ఫార్ములా 1 లాంటి సర్క్యూట్ రేస్‌లో అదే ట్రాక్ చుట్టూ పదుల సార్లు తిరుగుతారు. మూడో ల్యాప్‌కే ఏ మలుపు ఎక్కడుందో బట్టీ వచ్చేస్తుంది. ర్యాలీలో అలా కుదరదు. ఒక చోట మొదలై కిలోమీటర్ల దూరంలో ఇంకో చోట ముగిసే దారి. కార్లు ఒకదాని తర్వాత ఒకటి గ్యాప్‌తో బయల్దేరతాయి. పక్కన ఎవరూ ఉండరు. ఉండేది మీరు, గడియారం, కో-డ్రైవర్ గొంతు. "కుడి ఆరు, వంద మీటర్లు, ఎడమ మూడు, కట్ చేయొద్దు" అని అతను చదివే పేస్‌నోట్స్ వింటూ, కనిపించని మలుపు కోసం ముందే సిద్ధపడాలి. ఈ సిరీస్‌లో వాడే పద్ధతిలో ఆరు అంటే దాదాపు స్పీడ్ తగ్గించక్కర్లేని మలుపు, ఒకటి అంటే గట్టిగా బ్రేక్ వేయాల్సిన మలుపు. కళ్ళతో కాకుండా చెవులతో డ్రైవ్ చేస్తున్నట్టు ఉంటుంది. ఆ కిక్ వేరే ఏ రేసింగ్ గేమ్‌లోనూ దొరకదు.

రెండో విషయం నేల. వానాకాలంలో నల్లరేగడి బాట మీద బైక్ నడిపినవాళ్ళకి దీని గురించి లెక్చర్ అక్కర్లేదు. తారు రోడ్డు మీద చేసిన పనే అక్కడ చేస్తే నేరుగా పొలంలో ఉంటాం. కారుకీ అంతే. తారు మీద టైర్ కొంచెం జారగానే పట్టు తగ్గడం మొదలవుతుంది. కంకర మీద టైర్ ఇంకా ఎక్కువ జారితేనే పూర్తి పట్టు దొరుకుతుంది, అందుకే ర్యాలీ డ్రైవర్లు కారుని అడ్డంగా పోనిస్తారు. అది స్టైల్ కోసం కాదు. వదులు కంకర మీద చక్రం లాక్ అయితే టైర్ ముందు కంకర పోగై, ఆ గుట్టే కారుని ఆపడానికి సాయపడుతుంది. గట్టి మంచుగడ్డ మీద ఈ సాయం కూడా ఉండదు. మలుపుకి చాలా ముందే కారుని సిద్ధం చేసుకోవాలి. దానికే స్కాండినేవియన్ ఫ్లిక్ అనే టెక్నిక్ ఉంది. ముందు మలుపుకి వ్యతిరేక దిక్కుకి ఒకసారి తిప్పి, వెంటనే మలుపు వైపు తిప్పుతారు. కారు బరువు అటూ ఇటూ ఊగి వెనకభాగం తిరిగిపోతుంది.

అంటే నేల మారితే మీ చేతులు చేసే పని మారాలి. మంచి ఆఫ్‌రోడ్ గేమ్‌కి ఇదే అసలు పరీక్ష. డర్ట్ ర్యాలీ 2.0 ఇంకో అడుగు ముందుకేసింది. మీకన్నా ముందు వెళ్ళిన కార్లు దారిని చెడగొడతాయి, చక్రాల గాళ్ళు పడతాయి. మీరు ఎన్నో నంబర్‌లో బయల్దేరారు అన్నదాన్ని బట్టి దారి మారుతుంది. ఏడాదిన్నర దాటాక, అదే కంపెనీ నుంచి డర్ట్ 5 వచ్చింది.

డర్ట్ 5లో ఏముంది?

ఈవెంట్స్ లిస్ట్ చూస్తే కడుపు నిండిపోతుంది. అల్ట్రా క్రాస్, ర్యాలీ రెయిడ్, స్టాంపీడ్, ల్యాండ్ రష్, ఐస్ బ్రేకర్, స్ప్రింట్, పాత్ ఫైండర్, జింఖానా. లొకేషన్స్ కూడా తక్కువేం కాదు. రియో మురికివాడల సందులు, నార్వేలో ఆకాశంలో ఆకుపచ్చ కాంతులు, ఇటలీ పాలరాతి గనులు, నేపాల్ కొండలు, న్యూయార్క్‌లో గడ్డకట్టిన ఈస్ట్ రివర్. ఒకే రేస్‌లో పగలు రాత్రి అవుతుంది, చూస్తుండగానే వాన మొదలవుతుంది.

ఇంత లిస్ట్‌లో ఒకటి లేదు. అసలైన ర్యాలీ స్టేజ్. గడియారంతో ఒంటరి పోరాటం లేదు, కో-డ్రైవర్ లేడు, పేస్‌నోట్స్ లేవు. ర్యాలీ రెయిడ్ అనే పేరైతే ఉంది గానీ, అది పన్నెండు కార్లు గుంపుగా ఒక చోట నుంచి ఇంకో చోటికి పరిగెత్తే రేస్. 80లు, 90ల నాటి క్లాసిక్ ర్యాలీ కార్లు గ్యారేజ్‌లో ఉన్నాయి. వాటిని కూడా ఇలాంటి గుంపు రేసుల్లోనే తిప్పాలి. ఏ పని కోసం ఆ కార్లు పుట్టాయో ఆ పని మాత్రం ఈ గేమ్‌లో లేదు.

ఒకే ఒక్క లోటు అయితే సర్దుకుపోవచ్చు. ఇంకా ఉన్నాయి. కారు సెటప్ మార్చడానికి ఆప్షన్ లేదు. సస్పెన్షన్ మెత్తగా పెట్టుకోవడం, గేర్లు దగ్గరగా పెట్టుకోవడం, ఏదీ లేదు. గోడకి గుద్దితే బంపర్ ఊడుతుంది, బాడీ సొట్ట పడుతుంది, ఇంజిన్‌కి మాత్రం ఏమీ కాదు. స్టీరింగ్ వీల్‌కి లాంచ్ రోజున సపోర్టే లేదు, కొన్ని నెలల తర్వాత అప్‌డేట్‌లో ఇచ్చారు. రేసింగ్ గేమ్ కోసం డబ్బులు కూడబెట్టి వీల్ కొనుక్కున్నవాడికి ఇది ఎలా అనిపిస్తుందో చెప్పక్కర్లేదు. ఈ గేమ్ ఎవరి కోసం తీశారో ఆ ఒక్క నిర్ణయంలోనే తెలిసిపోయింది.

కింద నేల మారుతుంది, చేతులు మారవు

సరే, ర్యాలీ లేకపోతే పోనీ. ఇది ఆర్కేడ్ గేమ్, ఆర్కేడ్‌గానే చూద్దాం. ఫిజిక్స్ ఈజీగా ఉండటం తప్పు కాదు. డర్ట్ 2 కూడా ఈజీయే. అందులో కంకర మీదకి వెళ్ళగానే కారు తేలిపోయినట్టు ఉండేది, తారు మీదకి రాగానే అతుక్కున్నట్టు ఉండేది. ఆ తేడా గేమ్‌ప్యాడ్‌తో ఆడేవాడికి కూడా వేళ్ళకి తెలిసేది.

డర్ట్ 5లో ఆ తేడా పలచబడిపోయింది. ఐస్ బ్రేకర్‌ని పక్కన పెడితే, బురదైనా ఇసుకైనా కంకరైనా ఒకటే మంత్రం. ఆక్సిలరేటర్ నొక్కి పట్టుకో, మలుపు దగ్గర హ్యాండ్‌బ్రేక్ ఒక్కసారి తట్టు, కారు తిరగగానే మళ్ళీ ఫుల్. కొన్ని గంటలు ఆడేసరికి చేతులు వాటంతట అవే పని చేస్తుంటాయి, బుర్రకి పని ఉండదు. కార్లకి పెర్ఫార్మెన్స్‌లో ఒక గ్రేడ్, హ్యాండ్లింగ్‌లో ఒక గ్రేడ్ ఇచ్చారు. స్క్రీన్ మీద గ్రేడ్ మారినంతగా రోడ్డు మీద ప్రవర్తన మారదు.

ఇక్కడే బాధ కలిగేది. విజువల్‌గా చూస్తే ఈ గేమ్‌లో ఉన్నంత బురద ముందు ఏ డర్ట్ గేమ్‌లోనూ లేదు. చక్రాల కింద నుంచి చిమ్ముతుంది, బానెట్ మీద పేరుకుంటుంది, ఎదర కారు లేపిన దుమ్ములో దారే కనపడదు. ఇంజినీరింగ్ భాషలో చెప్పాలంటే ఫ్రంట్ ఎండ్ అదిరింది, బ్యాక్ ఎండ్‌లో ఆ డేటా ఎవరూ వాడట్లేదు. బురద స్క్రీన్ మీదే ఉండిపోయింది, స్టీరింగ్ దాకా రాలేదు.

పీఎస్5లో డ్యుయల్‌సెన్స్ అడాప్టివ్ ట్రిగ్గర్స్‌కి, వైబ్రేషన్‌కి సపోర్ట్ ఇచ్చారు. చేతిలో కంట్రోలర్ గరగరలాడుతుంది, బ్రేక్ నొక్కితే బిగువు తెలుస్తుంది. ఫీలింగ్ బాగుంది. ఆ ఫీలింగ్ విని మీరు ఏదైనా మార్చుకోవాల్సిన అవసరమే రాకపోతే, అది ఫోన్‌కి మంచి వైబ్రేషన్ మోటార్ ఉన్నట్టే. ఉంటే సంతోషం, అంతకుమించి లేదు.

పాడ్‌కాస్ట్‌లో నడిచే కథ

కెరీర్ మోడ్‌కి పెద్ద పేర్లే తెచ్చారు. ట్రాయ్ బేకర్, నోలన్ నార్త్. ద లాస్ట్ ఆఫ్ అస్, అన్‌చార్టెడ్ ఆడినవాళ్ళకి ఈ గొంతులు కొత్త కాదు. మిమ్మల్ని నడిపించే సీనియర్ ఏజే ఒకరు, అతని ప్రత్యర్థి బ్రూనో ఒకరు. కథంతా యూట్యూబ్ ఛానల్ డోనట్ మీడియా హోస్టులు నడిపే పాడ్‌కాస్ట్ రూపంలో వినిపిస్తుంది. మెనూలో మీరు తర్వాతి ఈవెంట్ వెతుక్కుంటుంటే వెనకాల మాటలు నడుస్తుంటాయి.

ఐడియా బాగుంది, కట్‌సీన్స్ ఖర్చు కూడా తప్పుతుంది. సమస్య ఏంటంటే, వాళ్ళు చెప్పుకునే గొడవకి మీరు ఆడే రేస్‌తో సంబంధం ఉండదు. ఏజే, బ్రూనోల మధ్య పగ పెరుగుతోందని చెవికి వినిపిస్తుంది. ట్రాక్ మీద బ్రూనో కారు కూడా మిగతా కార్లలో ఒకటి, అంతే. డర్ట్ 2లో ఇంత కథ లేదు. కెరీర్ మెనూగా ఒక మోటార్‌హోమ్ ఉండేది. లోపల టేబుల్ మీద మ్యాప్, తలుపు తీసి బయటకొస్తే మీ కారు. అంత కథ లేకుండానే "నేను రేసర్‌ని, ఊరూరా తిరుగుతున్నాను" అనే ఫీల్ వచ్చేది.

మెచ్చుకోవాల్సినవి మెచ్చుకుందాం

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. నలుగురు స్ప్లిట్ స్క్రీన్‌లో ఆడటం, అది కూడా కెరీర్ మోడ్‌లో. ఆ రోజుల్లోనే కాదు, ఇప్పుడు కూడా ఇది అరుదు. పండగకి కజిన్స్ అందరూ ఒక చోట చేరినప్పుడు, ఎప్పుడూ కంట్రోలర్ పట్టుకోని తమ్ముడు కూడా పది నిమిషాల్లో కలిసిపోతాడు. పేస్‌నోట్స్ ఉన్న గేమ్‌లో అది జరగని పని.

ప్లేగ్రౌండ్స్ మోడ్ ఇంకో ప్లస్. ర్యాంపులు, లూపులు, గేట్లు పెట్టి మీ సొంత అరీనా కట్టుకోవచ్చు, ఆన్‌లైన్‌లో పంచుకోవచ్చు. జింఖానా, గేట్ క్రాషర్, స్మాష్ అటాక్ అని మూడు రకాలు. మిగతా గేమ్‌లో కనిపించని క్రియేటివిటీ అంతా ఇక్కడే ఉంది.

టెక్నికల్‌గా కూడా ఇది కొత్త కన్సోల్స్‌తో పాటే వచ్చిన గేమ్. పీఎస్5లో, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లో 120 హెర్ట్జ్ మోడ్ ఇచ్చింది. 120 హెర్ట్జ్ టీవీ కొన్నవాళ్ళకి దాన్ని టెస్ట్ చేయడానికి లాంచ్ రోజుల్లో దొరికిన కొద్ది గేమ్స్‌లో ఇదొకటి.

మరి ఎందుకు ఇలా అయింది?

దీనికి జవాబు స్టూడియో హిస్టరీలో ఉంది. డర్ట్ 2, 3, 4, ర్యాలీ గేమ్స్ చేసిన టీమ్ వేరు, డర్ట్ 5 చేసిన టీమ్ వేరు. దీన్ని చేసింది కోడ్‌మాస్టర్స్ చెషైర్. వీళ్ళ పాత పేరు ఎవల్యూషన్ స్టూడియోస్. సోనీ కింద పనిచేసేవాళ్ళు. మోటార్‌స్టార్మ్, డ్రైవ్‌క్లబ్ వీళ్ళవే. 2016లో సోనీ ఆ స్టూడియోని మూసేస్తే, కోడ్‌మాస్టర్స్ ఆ టీమ్‌ని తీసుకుంది.

మోటార్‌స్టార్మ్ గుర్తుందా? 2006 చివర్లో జపాన్‌లో, 2007లో మిగతా దేశాల్లో పీఎస్3 మీద వచ్చింది. అందులో బురద నిజంగానే గేమ్‌ప్లే. మొదటి ల్యాప్‌లో ట్రక్కులు చేసిన గాళ్ళు రెండో ల్యాప్‌లో అలాగే ఉండేవి. బైక్ మీద ఉంటే పై దారి పట్టాలి, పెద్ద ట్రక్ అయితే కింద బురదలోంచి దున్నుకుంటూ పోవచ్చు. బండిని బట్టి దారి, దారిని బట్టి బండి. రెండో భాగం పసిఫిక్ రిఫ్ట్‌లో నీళ్ళలోంచి వెళ్తే ఇంజిన్ చల్లబడేది, లావా పక్కన వేడెక్కేది. చుట్టూ ఉన్నది మీ బూస్ట్‌ని మార్చేసేది. పీఎస్3లో ఇంత చేసినవాళ్ళ గేమ్‌లో, రెండు తరాల తర్వాత, బురద అలంకారం అయిపోవడమే నాకు మింగుడుపడని విషయం.

కోడ్‌మాస్టర్స్‌లో చేరాక వీళ్ళ మొదటి గేమ్ 2018లో వచ్చిన ఆన్‌రష్. ఫినిష్ లైన్ లేని రేసింగ్ గేమ్. ఎప్పుడూ గుంపులోనే ఉంటూ, ఢీకొడుతూ టీమ్ కోసం పాయింట్లు తేవాలి. కొత్త ఐడియా, మంచి గేమ్ కూడా, కానీ కొన్నవాళ్ళు లేరు. డర్ట్ 5 ఆడుతుంటే ఆన్‌రష్ వాసన గట్టిగా తగులుతుంది. ఆ గుంపు, ఆ రంగులు, ఆ పార్టీ మూడ్. కొత్త పేరుతో వచ్చి నష్టపోయిన టీమ్‌కి, ఈసారి అందరికీ తెలిసిన పేరు ఇచ్చారు అనిపిస్తుంది. ఇది నా అంచనా మాత్రమే.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి వెర్షన్ నంబర్ల రూల్ తెలుసు. 4 నుంచి 5కి వెళ్తే పాతవి కొన్ని పనిచేయకపోవచ్చు, అది ఒప్పందమే. అయితే ఒక లైబ్రరీ చేసే ముఖ్యమైన పనినే తీసేసి, అదే పేరుతో 5.0 అని రిలీజ్ చేస్తే ఎవరైనా తిడతారు. ఆ పని చేయనప్పుడు వేరే ప్యాకేజ్ పేరు పెట్టుకోవాలి. కోడ్‌మాస్టర్స్‌కి ఇది తెలియనిది కాదు. 2012లో ర్యాలీ లేని గేమ్ చేసినప్పుడు దానికి 4 అని పేరు పెట్టలేదు, షోడౌన్ అన్నారు. ఎవరూ మోసపోలేదు. డర్ట్ 5కి కూడా అలా వేరే పేరు పెట్టి ఉంటే, ఈ ఆర్టికల్ టోనే వేరుగా ఉండేది. "నలుగురు కలిసి ఆడటానికి భలే గేమ్" అని రాసేవాడిని.

"ర్యాలీ కావాలంటే డర్ట్ ర్యాలీ ఉందిగా?"

ఈ ప్రశ్న న్యాయమైనదే. కంపెనీ లెక్క కూడా బహుశా ఇదే: సీరియస్‌గా ఆడేవాళ్ళకి డర్ట్ ర్యాలీ, సరదాగా ఆడేవాళ్ళకి నంబర్ ఉన్న డర్ట్. ట్రైలర్లలో కూడా దీన్ని దాచలేదు.

కాగితం మీద బాగుంది. కానీ మధ్యలో ఉన్న మెట్టు పోయింది. డర్ట్ ర్యాలీ 2.0ని గేమ్‌ప్యాడ్‌తో మొదటిసారి ఆడేవాడు మొదటి కిలోమీటర్‌లోనే చెట్టుని గుద్దుతాడు. గేమ్ ఏమీ నేర్పదు, ఏమీ క్షమించదు. అదే డర్ట్ 2, 3లో అయితే మొదట జింఖానా చేసి, బగ్గీలు నడిపి, తర్వాత ఒక చిన్న ర్యాలీ స్టేజ్ ఆడి, కో-డ్రైవర్ చెప్పే నంబర్లు మెల్లగా అలవాటు చేసుకునేవాడు. డర్ట్ 4లో అయితే "గేమర్", "సిమ్యులేషన్" అని రెండు హ్యాండ్లింగ్ మోడ్స్ పెట్టి, అదే స్టేజ్‌ని ఎవరి స్థాయికి తగ్గట్టు వాళ్ళు ఆడేలా చేశారు.

మన దగ్గర టీవీలో ర్యాలీ చూపించేది తక్కువ. చుట్టుపక్కల దాని గురించి మాట్లాడేవాళ్ళూ తక్కువ. గేమ్ ద్వారానే పేస్‌నోట్ అంటే ఏంటో, ఇంప్రెజా అంటే ఎందుకంత క్రేజో తెలుసుకున్నవాళ్ళు ఎంతోమంది. అలాంటి కుర్రాడికి 2020లో దొరికిన డర్ట్ 5 ఆ తలుపు తీయలేదు. ఆడాడు, ఎంజాయ్ చేశాడు, ర్యాలీ అనే ఆట ఒకటుందని తెలియకుండానే ఇంకో గేమ్‌కి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఏం జరిగింది?

డర్ట్ 5 వచ్చిన కొన్ని నెలలకే, 2021 ఫిబ్రవరిలో, దాదాపు 120 కోట్ల డాలర్లకి ఈఏ కోడ్‌మాస్టర్స్‌ని కొనేసింది. 2022లో చెషైర్ టీమ్‌ని అప్పట్లో నీడ్ ఫర్ స్పీడ్ చేస్తున్న క్రైటీరియన్‌లో కలిపేశారు. 2023 నవంబర్‌లో కోడ్‌మాస్టర్స్ ర్యాలీ టీమ్ నుంచి ఈఏ స్పోర్ట్స్ డబ్ల్యూఆర్‌సీ వచ్చింది. పొడవైన స్టేజ్‌ల కోసం పాత సొంత ఇంజిన్ వదిలి అన్‌రియల్ ఇంజిన్‌కి మారారు. 2025 ఏప్రిల్ చివర్లో ఆ గేమ్‌కి కొత్త కంటెంట్ ఇక ఉండదని, ముందు ముందు చేయాలనుకున్న ర్యాలీ గేమ్స్ కూడా ప్రస్తుతానికి ఆపుతున్నామని ప్రకటించారు. డర్ట్ 6 రాలేదు.

1998లో మొదలైన ప్రయాణం ఇలా ఆగింది. దీనంతటికీ డర్ట్ 5నే కారణం అనడం అన్యాయం. కానీ ఒక సిరీస్ బతకాలంటే ప్రతి తరంలో కొత్తవాళ్ళు దానిలోకి రావాలి. వాళ్ళని లోపలికి తెచ్చే పని నంబర్ ఉన్న డర్ట్‌ది. ఐదో నంబర్ ఆ పని చేయలేదు.

ఇప్పుడు ఏం ఆడాలి?

డర్ట్ 5 ఎక్కడైనా బాగా తక్కువ ధరకి కనిపిస్తే, ఇంట్లో రెండు మూడు కంట్రోలర్లు ఉంటే, తీసుకోండి. నలుగురు కలిసి ఆడితే డబ్బులు వసూలే. ఒంటరిగా కెరీర్ ఆడటానికి అయితే వద్దు, సగానికి రాకముందే బోర్ కొడుతుంది.

ర్యాలీ రుచి చూడాలనుకుంటే ఫోన్‌లోనే మొదలుపెట్టొచ్చు. 2019లో వచ్చిన రష్ ర్యాలీ 3 ఆండ్రాయిడ్‌లో, ఐఫోన్‌లో ఉంది. కో-డ్రైవర్ ఉన్నాడు, మంచు, కంకర, మట్టి అన్నీ ఉన్నాయి. బ్లూటూత్ గేమ్‌ప్యాడ్ కలిపితే ఇంకా మజా. జేబులో పట్టే గేమ్‌లో ఉన్న కో-డ్రైవర్ డర్ట్ 5లో లేకపోవడం, ఏం చెప్తాం!

పీసీ ఉంటే ఆర్ట్ ఆఫ్ ర్యాలీ చూడండి. ఇది కూడా 2020లోనే వచ్చింది. బొమ్మ కార్లలా కనిపిస్తాయి, కెమెరా పైనుంచి చూస్తుంది, పేస్‌నోట్స్ కూడా లేవు. అయినా మంచు మీదకి వెళ్ళగానే మీ వేళ్ళు భయపడతాయి. అదే ఏడాది వచ్చిన స్నోరన్నర్‌లో రేసే లేదు, ట్రక్కుతో సరుకు చేర్చాలి. అందులో మీ శత్రువు బురదే. చక్రం ఎంత లోతుకి దిగిందో చూసుకుంటూ ఒక్కో మీటర్ సంపాదించుకోవాలి. ఒకటి క్యూట్, ఒకటి స్లో. రెండిటికీ డర్ట్ 5లో ఉన్నంత మెరుపు లేదు. నేల మాత్రం రెండిట్లోనూ ఉంది.

డర్ట్ 2 గానీ 3 గానీ మీ పాత లైబ్రరీలో పడి ఉంటే ఒకసారి ఇన్‌స్టాల్ చేయండి. ఈరోజు ఎంట్రీ లెవెల్ ల్యాప్‌టాప్‌లో కూడా హాయిగా నడుస్తాయి. ఒక కంకర స్టేజ్ పెట్టండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, కో-డ్రైవర్ "ఎడమ మూడు" అన్నప్పుడు మీ వేలు బ్రేక్ మీదకి వెళ్తుందో లేదో చూడండి. వెళ్తే, డర్ట్ 5 ఫ్యాన్స్‌ని ఎందుకు నిరాశపరిచిందో ఆ ఒక్క మలుపు చాలు అర్థం కావడానికి.